రంగం నుంచి నడిచొచ్చిన ఆడవాళ్ల మాట చరిత్ర కాదా?

కోరంగి మనవరాలు (ఆదివారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక సంగతి మనసులో నలుగుతోంది, పెద్దవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మమ్మకి తొంభై ఒకటి. పుట్టింది రంగంలో. రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనేవాళ్లు, ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు. మా ముత్తాత అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. 1942లో జపాన్ వాళ్లు వస్తున్నారని అందరూ పారిపోతుంటే వీళ్లూ బయల్దేరారు. మాండలే దాకా రైలు, తర్వాత పడవ, ఆ తర్వాత అడవిలో కొండలెక్కి మణిపురం దాకా నడక. అమ్మమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లు.

ఇన్నేళ్లూ ఎప్పుడడిగినా "ఏముందే, నడిచాం, వచ్చాం" అనేసి ఊరుకునేది. మొన్న శ్రావణ శుక్రవారానికి ఇత్తడి సామాను తోముతున్నాను. అటక మీద నుంచి తీసిన సొట్ట చెంబు ఒకటి చేతికొచ్చింది. అమ్మమ్మ మంచం మీద నుంచి "అది తోమకు. అది రంగం చెంబు" అంది. అంతే, రెండు గంటలు ఆగకుండా మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు పెట్టాను, తనకి చెప్పే పెట్టాను.

కొన్ని మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను:

"నెలగంట పెట్టిన వారానికి, పొద్దుటి పూట, విమానాలొచ్చాయి. అందరం వీధిలోకొచ్చి తలలెత్తి చూశాం. పిల్లలం చప్పట్లు కొట్టాం. తర్వాత ఏమైందో నేను చూళ్లేదు, అమ్మ నా కళ్లకి కొంగు కట్టేసింది. ఆ వీధి దాటేదాకా విప్పలేదు. కాళ్ల కింద తడి తగిలింది. వాన పడలేదు కదా అనుకున్నాను."

ఇంకో చోట: "చెల్లి దారిలో పోయింది. చంటిది. పాలు లేవు అమ్మకి. మణిపురం శిబిరంలో గాంధీగారు పోయారని కబురొస్తే అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది."

మా ఊళ్లో కుర్రాళ్లు, పెద్దలు కలిసి ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. ఓడరేవు, డచ్చివాళ్లు, 1839 తుపాను, గుడి, అన్నీ ఉన్నాయి. ఇవి తీసుకెళ్లి ఇస్తే ఒక పెద్దాయన చదివి, "బాగుందమ్మా, కానీ ఇది మీ ఇంటి గోడు. ఊరి చరిత్ర కాదు" అన్నారు. ఆయన చెడ్డగా అనలేదు. కానీ ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఊళ్లో సగం ఇళ్ల నుంచి రంగం వెళ్లారు. అక్కడ చచ్చిపోయినవాళ్లు, దారిలో పోయినవాళ్లు ఊరి చరిత్ర కాకపోతే ఇంకెవరి చరిత్ర?

అమలాపురం మాస్టారు (ఆదివారం, రాత్రి 10.25)

అమ్మా, చదివాను. కళ్లు చెమర్చాయి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మాస్టారుగా ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు.

ముప్ఫై రెండేళ్లు చరిత్ర చెప్పినవాణ్ని. ఎనభై ఏళ్ల తర్వాత ఒక్క మనిషి చెప్పిన దాన్ని ఆధారం అనడానికి నాకు చెయ్యి రాదు. గాంధీగారు పోయింది 1948 జనవరి 30న. మీవాళ్లు శిబిరంలో ఉన్నది 1942లో. ఆరేళ్ల తేడా. ఈ ఒక్కటి తప్పయితే, మిగతావి ఎంత వరకు నిజమని చదివేవాడు అడుగుతాడు. తేదీ లేదు, ఊరి పేర్లు సగం లేవు, కాగితం ముక్క లేదు. కథగా రాయి, మనస్ఫూర్తిగా చదువుతాను. చరిత్ర అనాలంటే ఇంకా ఏదైనా ఉండాలి.

యానాం శ్రీను (ఆదివారం, రాత్రి 11.10)

అక్కా, మీది కోరంగి అన్నారు కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను. బర్మాలో తెలుగువాళ్లందర్నీ "కొరంగీలు" అనేవారు. మన రేవు పేరే అక్కడ మనవాళ్లకి పేరైంది, చివరికి తిట్టు కూడా అయింది. కాకినాడ నుంచి, విశాఖ నుంచి స్టీమర్లెక్కి వెళ్లి రేవులో బస్తాలు మోసినవాళ్లు, మిల్లుల్లో ధాన్యం తూర్పారబట్టినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు మనవాళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైన ఉన్నారు. రంగూన్ ఊళ్లో అయితే సగం మందికి పైగా భారతీయులే.

1942 కంటే ముందే ఒకటి జరిగింది, దాని గురించి మన వైపు ఎవరూ మాట్లాడరు. 1930 మే నెలలో రేవు కూలీలు, ఎక్కువ మంది తెలుగువాళ్లు, కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మావాళ్లని పెట్టుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లు పనిలోకి తిరిగొచ్చారు. దాంతో కొత్తగా వచ్చిన బర్మా కూలీలకి పని పోయింది. అటూ ఇటూ పేదవాళ్లే, అందరి కడుపూ ఖాళీయే. మే 26న మొదలైన గొడవ రోజుల తరబడి సాగింది. మనవాళ్లు దొరికినచోటల్లా నరికేశారు. చచ్చిపోయినవాళ్లు వంద మందికి పైనే.

మా తాతయ్య తండ్రి అప్పుడు ఆ రేవులోనే ఉన్నాడు. ఆ నెల నుంచి ఉత్తరం రాలేదు, డబ్బు రాలేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్లు లేరు, బతికున్నాడని చెప్పినవాళ్లూ లేరు. మా తాతమ్మకి అప్పుడు పంతొమ్మిదేళ్లు, ఒళ్లో మా తాతయ్య. బొట్టు తీయాలా వద్దా అని ఊళ్లో పంచాయితీ పెట్టారంట. ఆవిడ తియ్యనంది. పోయేదాకా పెట్టుకునే ఉంది. తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియక మహాలయ అమావాస్యకి పెట్టేవారు. ఆ రోజు విస్తరి వేసినప్పుడు మాత్రం తాతమ్మ వంటింట్లోకెళ్లి తలుపేసుకునేదని మా నాన్న చెప్తాడు.

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. రంగూన్‌లో శవాలు లెక్కపెట్టినవాడు మా తాతయ్య తండ్రిని లెక్కపెట్టాడో లేదో మాకు తెలీదు. తాతమ్మని మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. ఆవిడ నలభై ఏళ్లు పెట్టుకున్న బొట్టుకి కాగితం ఎక్కడ దొరుకుతుందండీ?

గోదారి గాలి (సోమవారం, ఉదయం 6.15)

పాత గాయాలు ఎందుకు కెలకడం అండీ. ఆ ముసలావిడని ప్రశాంతంగా ఉండనివ్వండి. అటు బర్మావాళ్లని తిట్టుకోవడం తప్ప దీనివల్ల ఒరిగేదేముంది?

రాజోలు శారద (సోమవారం, ఉదయం 7.50)

గాలిగారూ, ఆవిడే మొదలుపెట్టింది కదండీ. ఎవరూ కెలకలేదు. శ్రీను తమ్ముడు కూడా రెండు వైపులా పేదవాళ్లే అని రాశాడు, ఎవర్నీ తిట్టలేదు.

మాస్టారూ, తేదీ లేదన్నారు. నేను పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ పంచాంగం లెక్క వేశాను. ధనుర్మాసం పట్టేది డిసెంబరు 15, 16 తేదీల్లో. నెలగంట పెట్టేది అప్పుడే. అక్కడికి వారం కలపండి. డిసెంబరు 23. రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న, పొద్దుటి పూట. అప్పుడు జనం పరిగెత్తి దాక్కోకుండా వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూశారని, అందుకే అంతమంది పోయారని నేను చదివాను. ఆవిడ "తలలెత్తి చూశాం, చప్పట్లు కొట్టాం" అంది కదా!

తేదీ చెప్పలేదని ఎలా అంటాం? ఆవిడ చెప్పింది. మనకే ఆ క్యాలెండరు చదవడం రాలేదు. మా అత్తగారూ అంతే. "పెద్ద వరద ఎప్పుడొచ్చింది" అని అడిగితే 1986 అనదు. "మీ ఆయనకి కుదిరిన సంబంధం తప్పిపోయిన ఏడాది" అంటుంది. నవ్వొస్తుంది గానీ లెక్క తప్పదు.

అమలాపురం మాస్టారు (సోమవారం, ఉదయం 9.05)

శారదమ్మా, ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. నెలగంట నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ పెట్టేవారు, అయినా తట్టలేదు.

గాంధీగారి సంగతి మాత్రం అలాగే ఉంది. దాన్ని దాటేసి రాయకూడదు. అమ్మమ్మగారిని మళ్లీ అడగండి. తప్పు పట్టినట్టు కాకుండా, మామూలుగా.

నరసాపురం లేసమ్మాయి (సోమవారం, మధ్యాహ్నం 2.30)

నేను పెద్ద చదువుకున్నదాన్ని కాదు. లేసు అల్లుతాను, మా అమ్మా అమ్మమ్మా అల్లారు. ఒక్కటి చెప్తాను.

ఎదురుగా కూచోబెట్టి, ఫోను ముందు పెట్టి, "చెప్పండి" అంటే ఆడవాళ్లు చెప్పరండీ. చేతికి పనుండాలి. మా అరుగు మీద నలుగురైదుగురు కూచుని అల్లుకుంటుంటే, కళ్లు సూది మీదే ఉంటాయి, ఎవరి మొహం ఎవరూ చూడరు. అప్పుడొస్తాయి మాటలు. మొగుడు కొట్టిన సంగతి, పోయిన బిడ్డ సంగతి, ఎవరికీ చెప్పనివి. చెప్తూ చెప్తూ ఒకావిడ దారం తెంపేసి మళ్లీ మొదటి నుంచి అల్లడం మొదలుపెడితే, ఇక ఈ రోజుకి అడక్కూడదని మాకు తెలుసు.

అక్కా, మీ అమ్మమ్మ చెంబు చూసి మాట్లాడింది. మళ్లీ అడిగేటప్పుడు చెంబు చేతికివ్వండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయమనండి. ఏదో ఒకటి. చెంబు మీద పేరేమైనా కొట్టించారేమో చూశారా? పాత ఇత్తడి మీద ఉంటాయి కదా.

తణుకు కోడలు (సోమవారం, రాత్రి 8.45)

పొద్దున్నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా పుట్టిల్లు తెనాలి వైపు. మేం మాదిగలం.

మాస్టారూ, తేదీ, టైము, చోటు అన్నారు మీరు. చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6. దళితపేట మగవాళ్లని "మీ మీదికొస్తున్నారు, పారిపోండి" అని పోలీసులే పొలాల వైపు తోలారు. అక్కడ కాపు కాసినవాళ్లు నరికారు. ఎనిమిది మందిని చంపి కాలవల్లో పడేశారు. పేటలో మిగిలింది ఆడవాళ్లు. శవాల కోసం కాలవ గట్ల వెంట తిరిగింది వాళ్లు. గుర్తుపట్టింది వాళ్లు. కోర్టు ఊళ్లోకే రావాలని పట్టుబట్టి సాధించింది ఆ పేట జనం. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎన్ని గంటలకి చచ్చిపోయారో, ఎక్కడ చచ్చిపోయారో, ఎవరు చంపారో రుజువు కాలేదంది.

ఎన్ని గంటలకి! మా బంధువు ఒకావిడ ఆ రోజు అన్నం వార్చి దించిన గిన్నె సంగతి చెప్తుంది. అన్నం మీద మూత పెట్టింది, మనిషి రాలేదు. మర్నాటికి అది పాచిపోయింది. పాచిపోయిన అన్నాన్ని పారబోయడానికి చేతులు రాలేదంటుంది. ఆవిడకి ఆ రోజు గడియారం లేదు. వార్చిన అన్నం ఉంది. ఆ లెక్క ఎవరికి కావాలి?

అంతకు ఆరేళ్ల ముందు కారంచేడు. 1985 జులై 17, ఆరుగురు దళితుల్ని చంపారు. దాని గురించి ఎవరు రాసినా చెరువు దగ్గర నీళ్ల బిందె పట్టుకుని ఎదురు మాట్లాడిన ఆడమనిషి నుంచే మొదలుపెడతారు. మొదలు ఆవిడే, కానీ ఆ తర్వాత పేజీలన్నీ నాయకులవి. ఊరొదిలొచ్చినవాళ్లు తలదాచుకున్న చీరాల శిబిరంలో నెలల తరబడి పొయ్యి వెలిగించి అంతమందికి వండినవాళ్లు, మానం పోయిందని నలుగురిలో చెప్పాల్సొచ్చిన ఆడపిల్లలు, వాళ్లు ఏ పేజీలో ఉన్నారు? చెప్తే పెళ్లి కాదు, చెప్పకపోతే కేసు లేదు. ఆ రెంటి మధ్య నలిగిపోయారు.

మా అమ్మకి కూడా చాలా తెలుసు. నాకు కొంచెమే చెప్పింది. మిగతాది నేను అడగను. అడక్కపోవడం కూడా మర్యాదే అనిపిస్తుంది నాకు. కోరంగి చెల్లీ, నువ్వు రాయి. కానీ ఎంత రాయాలో అమ్మమ్మే చెప్పాలి, నువ్వు కాదు, మేం కాదు.

రాజోలు శారద (సోమవారం, రాత్రి 9.30)

తణుకు అక్కా, ఏం మాట్లాడాలో తెలీడం లేదు. మీరు రాసినందుకు దణ్ణం.

ఇలాంటి ప్రశ్న మన తెలుగు ఆడవాళ్లు నలభై ఏళ్ల కిందటే అడిగారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి, కూచుని, వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే అచ్చు వేశారు స్త్రీశక్తి సంఘటన వాళ్లు. 1986లో వచ్చింది, "మనకు తెలియని మన చరిత్ర". అందులో చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది. అడవిలో కన్న బిడ్డని దళం కోసం ఎవరికో ఇచ్చేయాల్సొచ్చిన తల్లి ఉంది. పోరాటం చరిత్ర అప్పటికే ఎందరో నాయకులు రాశారు, ఆ బిడ్డ సంగతి మాత్రం ఆ తల్లిని అడిగినప్పుడే వచ్చింది.

అమలాపురం మాస్టారు (మంగళవారం, ఉదయం 5.40)

రాత్రి నిద్ర పట్టలేదు. తణుకు అమ్మాయి రాసింది మూడుసార్లు చదివాను. చుండూరు తీర్పు వచ్చిన రోజు నేను పేపర్లో చదివి పక్కన పెట్టేసినవాణ్ని.

నా పాత నోట్సు తీశాను. దేశ విభజన పాఠం. యాభై ఏళ్ల పాటు ఆ పాఠం అంటే జిన్నా, నెహ్రూ, మౌంట్‌బాటన్, గీత గీసిన రాడ్‌క్లిఫ్. ఎత్తుకుపోయిన ఆడవాళ్లని తిరిగి తెప్పించడానికి 1949లో చట్టం చేశారని ఒక వాక్యం చెప్పేవాణ్ని, అది మంచి పని అన్నట్టు. ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భాసిన్ లాంటి రచయిత్రులు వెళ్లి ఆ ఆడవాళ్లనే అడిగాక తెలిసింది. తిరిగి రావడం ఇష్టం లేని వాళ్లని కూడా తెచ్చారు. అక్కడ పుట్టిన పిల్లల్ని వదిలి రమ్మన్నారు. ఆవిడ ఇష్టం ఏమిటని ఆ చట్టం అడగలేదు.

1947 మార్చిలో రావల్పిండి దగ్గర థోవా ఖల్సా ఊళ్లో ఆడవాళ్లు తొంభై మంది దాకా బావిలో దూకారు. మగవాళ్లు దాన్ని త్యాగం అని పాడుకున్నారు. దూకినా, బావి నిండిపోయి మునక్క బతికిన ఆడవాళ్లు ఉన్నారు. త్యాగం కథలో వాళ్లకి చోటు లేదు. కాబట్టి అమ్మా, ఒక జాగ్రత్త. ఇంట్లో మగవాళ్లు "మా అమ్మ ధైర్యవంతురాలు" అని రాయమంటారు. ఊరివాళ్లు "మన ఊరి వీరనారి" అంటారు. అదీ నోరు నొక్కడమే. ఆవిడ భయపడ్డానని చెప్తే భయపడిందనే రాయి.

గాంధీగారి సంగతి అడిగావా?

యానాం శ్రీను (మంగళవారం, ఉదయం 7.00)

మాస్టారూ 🙏

మన కోనసీమలో పాత ఇళ్లకి వెళ్తే బర్మా టేకు స్తంభాలు, బర్మా టేకు తలుపులు అని చెయ్యి వేసి తడిమి మరీ చూపిస్తారు. నేనూ చూపించాను. ఇక మీదట ఎవరైనా చూపిస్తే, ఆ ఇంటి నుంచి ఎవరెవరు వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు అని అడుగుతాను.

కోరంగి మనవరాలు (గురువారం, రాత్రి 10.15)

రెండు రోజులు రాయలేకపోయాను. అందరి మాటలూ అమ్మమ్మకి చదివి వినిపించాను. తణుకు అక్క రాసింది విని, "ఆ పిల్ల తల్లి బాగుందా?" అని అడిగింది. అక్కా, మీ అమ్మగారికి చెప్పండి.

లేసమ్మాయి చెప్పినట్టే చిక్కుడుకాయలు ముందు పోశాను. చెంబు పక్కన పెట్టాను. "తోమచ్చా" అంటే ఈసారి సరేనంది. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే ముందు నల్లగా నీళ్లు కారాయి. అంచు కింద అక్షరాలు కనపడ్డాయి. చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టినవి. మొదట ఒక ఆడపిల్ల పేరు, దాని పక్కన "రంగం", కింద 1941. బారసాల నాడు మేనమామ పెట్టిన చెంబు. దారిలో పోయిన చెల్లిది. ఆ పిల్ల పేరు మా అమ్మకి కూడా తెలీదు, నాకూ తెలీదు. నేను పైకి చదివాను. అమ్మమ్మ ఈనె తీయడం ఆపింది. ఎనభై ఏళ్ల తర్వాత మా ఇంట్లో ఆ పేరు వినపడ్డం అదే మొదటిసారి.

మాస్టారూ, కాగితం ముక్క లేదన్నారు కదా. ఇత్తడి ముక్క ఉంది.

గాంధీగారి సంగతి అడిగాను, మీరన్నట్టు మామూలుగానే. "శిబిరంలోనా అమ్మమ్మా, మన ఊరొచ్చాకా?" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. తర్వాత చెప్పింది:

"దారంతా అమ్మ ఏడవలేదు. శిబిరంలో ఏడవలేదు. సామర్లకోటలో రైలు దిగి అందరూ పట్టుకుని ఏడిస్తే అమ్మ ఏడవలేదు. ఇక్కడికొచ్చాక ఐదారేళ్లు. గాంధీగారు పోయారని చావిడి దగ్గర చెప్పారు, ఊరంతా ఏడుస్తోంది. మగాళ్లు కూడా. అమ్మ వాకిట్లో కూలబడి ఏడ్చింది. చెల్లి పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఏడుస్తున్నారు కదా, ఎవరూ అడగలేదు. నాకు తెలుసు."

అంతకంటే నేనేం అడగలేదు.

ఊరి పుస్తకం వాళ్లకి మళ్లీ ఇచ్చాను. ఈసారి నెలగంట లెక్క, రేవు సమ్మె సంగతి, చెంబు ఫొటో అన్నీ కలిపి. పేరున్న వైపు ఫొటోలో పడకుండా తీశాను, అది అమ్మమ్మ మాట. పేరు మా ఇంట్లోనే ఉంటుంది. వేస్తారో లేదో ఇంకా చెప్పలేదు. పెద్దాయన మాత్రం ఫొటో తీసుకుని, "మా మేనత్త కూడా అటే పోయింది" అని ఆగిపోయారు. ఆదివారం వాళ్లింటికి రమ్మన్నారు.

ఇచ్చే ముందు రాసిందంతా అమ్మమ్మకి చదివాను. ఒక్క చోట ఆపింది. "చంటిదాన్ని మా ముత్తమ్మ దారిలో వదిలేసింది" అని రాశాను. కాదంది.

"వదిలేసిందని రాయకు. చెట్టు కింద ఆకులు పరిచింది. తన పైగుడ్డ చింపి కప్పింది. కింద పెట్టిందని రాయి."

మార్చాను.